ఆత్మీయులు పోయాక ప్రార్థన ఆగిపోతే మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆవగింజ:
అందరికీ వందనాలు. ఇంట్లో మనిషి పోయాక విశ్వాసుల్లో చాలామందికి ఎదురయ్యే చిక్కు గురించి అడుగుతున్నాను. మొదటి రోజుల్లో ఇంటినిండా జనం, ఎవరో ఒకరు ప్రార్థన చేస్తూనే ఉంటారు. నెల తిరిగేసరికి అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. అప్పటినుంచి బైబిలు తెరవాలంటే చెయ్యి రాదు. కళ్లు మూసుకుని "తండ్రీ" అన్నాక తరవాతి మాట దొరకదు. ఆరాధనకు వెళ్తే మొదటి పాటకే గొంతు పూడుకుపోతుంది. కొందరికి దేవుడి మీద కోపం. కొందరికి ఆ కోపం కూడా ఉండదు, రాయిలా అయిపోతారు. వీళ్లెవరూ దేవుణ్ణి వద్దనుకున్నవాళ్లు కారు. తిరిగి రావాలనే ఉంటుంది, అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియదు.

"ప్రార్థించండి, వాక్యం చదవండి" అని మాత్రం రాయకండి, అది విని విని ఉన్నారు. మొదటి వారం ఏ భాగం చదవాలి, ఎంతసేపు? మాట రానప్పుడు ప్రార్థన ఎలా? సంఘానికి మళ్లీ వెళ్లడం ఎలా మొదలుపెట్టాలి? "నా విశ్వాసం చాలకే స్వస్థత రాలేదు" అని కుమిలిపోయేవాళ్లకు లేఖనం ఏం చెబుతుంది? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

మూలవాక్యం:
చదవడం సంగతి నేను చెబుతాను, మిగతావి వేరేవాళ్లు చెప్తారు.

తిరిగి రావడమంటే స్తుతి పాడుకుంటూ రావడమే అని మనకు అలవాటైపోయింది. పాడలేని మనిషి గుమ్మం బయటే ఆగిపోయేది అందుకే. కీర్తనల గ్రంథం తీరు వేరు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, నిలదీతలే. దుఃఖంలో ఉన్నవాళ్లు లోపలికి వచ్చే వాకిలి అది.

మొదటి వారానికి 13వ కీర్తన ఒక్కటి చాలు. మొత్తం 6 వచనాలు. 1, 2 వచనాల్లో కీర్తనకారుడు "ఎన్నాళ్లు, ఎంతవరకు" అని అడుగుతూనే ఉంటాడు. 3, 4లో మనవి. 5, 6లో నమ్మిక, పాట. మొదటి మూడు రోజులు 1, 2 వచనాలే పైకి చదవండి, బైబిలు మూసేయండి. 4, 5 రోజుల్లో 4వ వచనం దాకా. ఆరో రోజు మొత్తం. ఏడో రోజు మొత్తం చదివాక ఎక్కడ నోరు ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. 5వ వచనం దగ్గర ఆగితే కంగారు అక్కర్లేదు, మరుసటి వారం మళ్లీ మొదటినుంచి. రోజుకు 2, 3 నిమిషాలకు మించదు. ఒకే చోట, ఒకే వేళ కూర్చోండి. దుఃఖంలో ఉన్నప్పుడు ఏది చెయ్యాలో ఎంచుకోవడమే పెద్ద బరువు, ఆ ఎంపిక ముందే అయిపోయి ఉంటే సగం పని తేలిక.

పైకి చదవమన్నది ఊరికే కాదు. కళ్లతో చదివితే నాలుగో మాటకే మనసు ఆసుపత్రి గదికి వెళ్లిపోతుంది. పెదవులు కదులుతుంటే కొంతైనా నిలబడుతుంది. అదీ కాకపోతే ఆడియో బైబిలు పెట్టుకుని వినండి.

ఎక్కువమంది ఎక్కడ బోల్తా పడతారో చెప్తాను. "ఈసారి గట్టిగా పట్టుకుంటాను" అని ఏడాదిలో బైబిలు పూర్తిచేసే ప్లాన్ మొదలుపెడతారు. 1189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడు పైచిలుకు. రెండు రోజులు తప్పితే ఏడు అధ్యాయాల బాకీ. ఉన్న దుఃఖం మీద అపరాధభావం ఇంకో మూట. మూడో వారానికల్లా బైబిలు అలమారలోకి వెళ్తుంది.

23వ కీర్తన కూడా మొదట్లో వద్దంటాను. గొప్ప కీర్తనే, కానీ చాలామందికి అది సమాధి దగ్గర విన్న గొంతుతో కలిసిపోయి ఉంటుంది. కొన్నాళ్లు పోనివ్వండి. రెండో వారం నుంచి 42, 43 కలిపి చదవండి. "నా ప్రాణమా, ఎందుకు క్రుంగిపోయావు" అనే పల్లవి 42:5లో, 42:11లో, 43:5లో వస్తుంది, రెండూ ఒకే పాటలా సాగుతాయి. అదే ప్రశ్న మూడుసార్లు అడగాల్సి రావడం గమనించండి. ఆ తరవాత 77. అందులో 4వ వచనం నిద్ర పట్టనివాళ్లదీ, మాట రానివాళ్లదీ.

నిమ్మళం:
ఆయన 77:4 గుర్తుచేశారు కాబట్టి రెండో ప్రశ్న నేను అందుకుంటాను.

మాట రాకపోతే ముందు ఒంటి సంగతి చూడాలి. 1 రాజులు 19 తియ్యండి. ప్రవక్త ఎలీయా బదరీవృక్షం కింద కూర్చుని "ఇక చాలు, నా ప్రాణం తీసేయి" అన్నాడు. దేవదూత వచ్చి బోధ చెయ్యలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, సీసాలో నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తిను అన్నాడు. హోరేబు కొండకు 40 రోజుల నడక ఆ తరవాత, దేవుడి మాట దానికీ తరవాత. అంతకుముందు జరిగినవి రెండు నిద్రలు, రెండు భోజనాలు. కాబట్టి మూడు రాత్రులు నిద్రలేని మనిషిని తెల్లవారుజాము ప్రార్థనకు లేపడం భక్తి కాదండీ, ముందు పడుకోనివ్వండి.

ఇక మాటలు. ఇవి పనిచేస్తాయి:

అరువు మాటలు. గెత్సేమనే తోటలో యేసు మూడుసార్లు ప్రార్థించాడు, మూడోసారి కూడా అవే మాటలు (మత్తయి 26:44). చెప్పిందే చెప్పడం తప్పనిపిస్తే ఆ వచనం దగ్గర పెట్టుకోండి. ప్రభువు నేర్పిన ప్రార్థన మొత్తం రాకపోతే ఒక్క వాక్యం పట్టుకోండి.

ఊపిరితో చెప్పేది. మార్కు 9:24లో జబ్బు పిల్లవాడి తండ్రి అన్న మాటను రెండుగా విడగొట్టండి. ఊపిరి తీసుకుంటూ "నమ్ముతున్నాను ప్రభువా", వదులుతూ "నా అపనమ్మకంలో సాయం చెయ్యి". పదిసార్లు, అంతే. లెక్క తప్పితే తప్పనివ్వండి, లెక్కలో పుణ్యం ఏమీ లేదు.

కాగితం మీద మొర. 13వ కీర్తన వరసలోనే నాలుగు ముక్కలు: పిలుపు, ఫిర్యాదు, మనవి, చివర ఉన్నంత నమ్మిక. నమూనాకు ఇలా ఉంటుంది:

"ప్రభువా,
గురువారం నుంచి ఆ గది తలుపు తియ్యలేకపోతున్నాను. నువ్వు ఆపగలిగుండీ ఆపలేదు.
ఈ రాత్రి మూడింటికి మెలకువ రాకుండా చూడు.
నిన్ను నమ్ముతున్నానో లేదో తెలీదు. ఈ మాటలు మాత్రం నీతోనే చెబుతున్నాను."

ఇందులో మనవి ముక్క చూడండి, ఒక్క రాత్రికి సరిపడా ఉంది. "నాకు శాంతినివ్వు, నా జీవితాన్ని నిలబెట్టు" అని రాస్తే అది జరిగిందో లేదో రేపు పొద్దున చెప్పలేరు. చిన్నది అడిగితే "నాలుగు దాకా పడుకున్నాను" అని మరుసటి కాగితంలో రాసుకోవచ్చు. పడుకోలేకపోతే అదే రేపటి ఫిర్యాదు.

ఇదీ చేతకాని రోజు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. రోమా 8:26 ఉన్నదే అలాంటి రోజుకు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని ఉంది. మూలుగు చాలు అన్నప్పుడు వాక్యనిర్మాణం గురించి బెంగ దేనికి.

పాతపాటల పుస్తకం:
తమ్ముళ్లూ, చెప్పింది బాగానే ఉంది గానీ ఒక అభ్యంతరం. ఫిర్యాదు నేర్పడం తేలిక, మాన్పించడం కష్టం. 1 థెస్సలొనీక 5:18 ప్రతి విషయమందు కృతజ్ఞత చెల్లించమంది. ఎఫెసీ 5:20 అయితే "సమస్తమునుగూర్చియు" అంటుంది. కృతజ్ఞతను ఎప్పుడో తరవాతికి వాయిదా వేస్తే ఆ తరవాత రానే రాదు.

మూలవాక్యం:
అన్నా, న్యాయమైన మాటే. కానీ ఆ రెండూ రాసిన అపొస్తలుడు పౌలే ఫిలిప్పీ 2:27లో తన సహచరుడు ఎపఫ్రొదితు జబ్బు గురించి ఏమన్నాడో చూడండి. అతను చావుకు దగ్గరయ్యాడట, దేవుడు కనికరించాడట, లేకపోతే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదట. స్నేహితుడు చనిపోయి ఉంటే దానికీ స్తోత్రం చెప్పేవాణ్ణి అని రాయలేదు. చావును చావుగానే చూశాడు, తప్పించుకోవడాన్ని కనికరంగా చూశాడు. కృతజ్ఞత వద్దని నేననను. పోయిన మనిషి కోసం, వాళ్లతో గడిచిన ఏళ్ల కోసం చెప్పే కృతజ్ఞత ముందుగా వస్తుంది, అది రానివ్వండి. మరణం కోసం చెప్పమని మాత్రం ఎవరినీ బలవంతపెట్టకూడదు.

1 థెస్సలొనీక 4:13ను కూడా ఇలాగే సగం కోసి వాడుతుంటారు. నిరీక్షణ లేని ఇతరుల్లా దుఃఖపడవద్దని ఉంది, దుఃఖపడనే వద్దని లేదు. మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు (ద్వితీయోపదేశకాండము 34:8), ఎవరూ గద్దించలేదు.

పాతపాటల పుస్తకం:
ఎపఫ్రొదితు సంగతి ఇలా చూడలేదు. ఒప్పుకుంటున్నా. అయినా పాట మానకండి, వినడమైనా వినండి.

వెనక బెంచీ:
సంఘానికి తిరిగి రావడం గురించి. ఇది ఒక్క ఆదివారంలో తేలే పని కాదు, విడతలుగా చెయ్యాలి.

మొదట ఆరాధన లేని వేళ, మందిరం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి పావుగంట కూర్చోండి. శవపెట్టె ఉంచిన చోటు, పోయిన మనిషి ఎప్పుడూ కూర్చునే చోటు, ఈ రెండూ జనం మధ్య మొదటిసారి చూడాల్సి రాకూడదు. తరవాతి విడతలో పాటలు అయిపోయాక, వాక్యం మొదలయ్యే ముందు లోపలికి రండి. ఆరాధనలో మనిషిని ముందు పడగొట్టేది పాటే, ప్రసంగం వినడం దానికంటే తేలిక. నడవ పక్కన, తలుపుకు దగ్గర్లో కూర్చోండి. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నప్పుడు బయటికి వచ్చేయండి. లేకపోతే గుమ్మం దగ్గర ఇరవైమంది చెయ్యి పట్టుకుని ఇరవై రకాల ఓదార్పు చెబుతారు, మళ్లీ వారం రావాలనిపించదు. ఇవన్నీ ఒక్కరికి, ఒకే ఒక్కరికి ముందే చెప్పి ఉంచండి. మీరు మధ్యలో లేచి వెళ్తే వెంట రావాలా, వద్దా అనేది కూడా వాళ్లతో ముందే అనుకోవాలి.

పూర్తి ఆరాధన ఆ తరవాత. ప్రభువు బల్ల (యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే) రోజు కొంచెం ఎక్కువ జాగ్రత్త, ఆ రోజు మాటలన్నీ మరణం చుట్టూనే ఉంటాయి. చిన్న గృహకూడిక ఉంటే ఆదివారం కంటే ముందు అక్కడికి వెళ్లడం మేలు, ఆరేడుగురి మధ్య ఏడవడం సులువు.

పరిచర్య సంగతి వేరే. పాటల బృందం, సండే స్కూలు, కానుకల లెక్క, ఏదైనా సరే, "పనిలో పడితే మర్చిపోతావు" అని వెంటనే అప్పగించేస్తారు. నా లెక్కలో కనీసం మూడు నెలలు వద్దు. సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తే "ఇప్పుడు కాదండి" అనండి, కారణం చెప్పనక్కర్లేదు. ఇంకా రక్తం కారుతున్న గాయాన్ని విజయగాథగా చెప్పించుకునే సంఘాలున్నాయి. చెప్పినవాళ్లు ఇంటికెళ్లాక ఆ వేదిక మీది మాటకూ లోపలి పరిస్థితికీ మధ్య నలిగిపోతారు.

పరామర్శకు వెళ్లేవాళ్లకు కూడా ఒక మాట. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు (యోబు 2:13). వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడింది. "దేవుడికి ఆయన ఎక్కువ అవసరమయ్యాడు", "ఏదో మేలుకే", "ఇంకా పిల్లలున్నారుగా" ఇలాంటివి వద్దు. పోయిన మనిషి పేరు పెట్టి మాట్లాడండి, ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదనేదే చాలామంది బాధ. మొదటి వారం అందరూ వెళ్తారు కాబట్టి మీరు ఫోన్ క్యాలెండర్‌లో ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల, పోయినవాళ్ల పుట్టినరోజు, సంవత్సరీకం వేసుకోండి. ఆ రోజుల్లో ఫోన్ చేసేవాళ్లు దాదాపు ఉండరు.

త్రోఫిము:
విశ్వాసం చాలకే స్వస్థత రాలేదా అన్న ఆ చివరి ప్రశ్నకు నా పేరే జవాబు. 2 తిమోతి 4:20: త్రోఫిము రోగి అయితే పౌలు అతన్ని మిలేతులో విడిచి వచ్చాడు. ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తేనే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19:12 ఎవరి గురించి చెబుతుందో, ఆ పౌలే. అక్కడ పౌలు విశ్వాసం తగ్గిందనీ లేదు, త్రోఫిము విశ్వాసం తగ్గిందనీ లేదు. పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు (2 కొరింథీ 12:8). ఇటు తిప్పి చూడండి: నాయీను ఊళ్లో విధవరాలి చనిపోయిన కొడుకును లేపినప్పుడు ఆమె అడగను కూడా అడగలేదు, యేసు ఆమె విశ్వాసం సంగతే ఎత్తలేదు (లూకా 7:11-15). మార్కు 9లో తండ్రిది సగం నమ్మకం, కొడుకు బాగయ్యాడు. విశ్వాసాన్ని తూకం వేసి అంత స్వస్థత ఇస్తారన్న లెక్క ఈ నాలుగు చోట్లా నిలవదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవరి పాపం వల్ల" అని అడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు యేసు (యోహాను 9:3). సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులా అని లూకా 13:4లో యేసే అడిగి, కాదన్నాడు.

వచనాలు చెప్పినంత మాత్రాన నింద పోదు, దాన్ని విప్పాలి. నింద మాటను పూర్తి వాక్యంగా రాయండి: "ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడు." కింద రెండు వరసలు గీయండి, ఒకటి "ఆ రోజు నాకు తెలిసింది", రెండోది "తరవాత తెలిసింది". డాక్టరు చివర్లో చెప్పిన మాటలు, రిపోర్టులు అన్నీ రెండో వరసలోకి వెళ్తాయి. చాలావరకు నింద మొత్తం ఆ రెండో వరస నుంచే పుట్టి ఉంటుంది.

కొన్నిసార్లు మొదటి వరసలో నిజంగానే ఏదో మిగులుతుంది. మాట్లాడుకోకుండా విడిపోయిన పోట్లాట, తెలిసీ చేసిన నిర్లక్ష్యం. దాన్ని "నీ తప్పేం లేదులే" అని కప్పకండి, కప్పితే లోపల పుచ్చుతుంది. అది పేరు పెట్టి ఒప్పుకోవాల్సిన విషయం. 51వ కీర్తన, 1 యోహాను 1:9, నోరు జారని ఒక్క మనిషి ఎదుట (యాకోబు 5:16). లేని తప్పుకు క్షమాపణ అడిగితే మనసు తేలికపడదు, ఉన్న తప్పును ఓదార్పుతో తుడిస్తే అదీ పోదు. ఏది ఏదో ముందు తేల్చుకోవడమే సగం పని.

దావీదు బిడ్డ పోయాక లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్లి, భోంచేశాడు కదా, నువ్వూ లే అంటారు కొందరు (2 సమూయేలు 12:20). అదే దావీదు ఇంకో కొడుకు అబ్షాలోము పోయినప్పుడు గుమ్మం పైగదిలో ఎలా ఏడ్చాడో 18:33 కూడా చదివి అప్పుడు మాట్లాడమనండి.

శ్రవణం:
ఒకటి కలుపుతాను, వైద్యం వైపు నుంచి. దుఃఖానికి "అయిదు దశలు" అని వాట్సాప్‌లో తిరిగేది 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ చెప్పింది, అదీ మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. దుఃఖంలో ఉన్నవాళ్లు వరసగా ఎక్కాల్సిన మెట్లు కావవి. "నాకు ఇంకా కోపం దశ రాలేదు" అని బెంగపడొద్దు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి? పోయిన మనిషి కోసం తీవ్రమైన తపన రోజూ తగ్గకుండా, పని, పిల్లలు, ఒళ్లు ఏవీ చూసుకోలేని స్థితి నెలల తరబడి సాగితే దానికి వైద్యంలో పేరుంది, చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం 6 నెలలు, 2022లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దలకు 12 నెలలు, పిల్లలకు 6 నెలలు దాటితే ఆ నిర్ధారణ చేస్తారు. అన్నాళ్లూ ఆగి చూడమని దీని అర్థం కాదు, ముందే వెళ్లొచ్చు. "నేనూ వెళ్లిపోతాను" అనే మాట వస్తే మాత్రం నెలల లెక్క లేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన దారిలో కూడా చెయ్యొచ్చు.

ఆవగింజ:
అందరికీ చాలా థ్యాంక్స్. త్రోఫిము గారూ, ఆ రెండు వరసలు రాసి పెట్టుకున్నాను. ఇంకో సందేహం. దేవుడి మీద కోపాన్ని ఆయన ముఖం మీదే అనేస్తే అది సణుగుడు కిందికి రాదా? అరణ్యంలో సణిగిన ఇశ్రాయేలీయుల గతి తెలిసిందే కదా.

మూలవాక్యం:
అరణ్యంలో ఎక్కడ సణిగారో చూడండి. ద్వితీయోపదేశకాండము 1:27: తమ గుడారాల్లో. దేవుడి గురించి ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకున్నారు, ఆయనతో చెప్పలేదు. యోబు అంతకంటే ఘాటుగా మాట్లాడాడు, కాకపోతే ముఖాముఖి. చివర 42:7లో దేవుడు తప్పుపట్టింది తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల్ని.

యిర్మీయా 20 కూడా చూడండి. 7వ వచనంలో ఆ ప్రవక్త దేవుడితో, నన్ను మోసపుచ్చావు అంటాడు. 13లో యెహోవాకు పాడండి అంటాడు. హమ్మయ్య అనుకునేలోపు 14లో తాను పుట్టిన రోజును శపిస్తాడు. స్తుతి వచ్చాక మళ్లీ చీకటి రావడం వెనక్కి జారడమేమీ కాదు. విలాపవాక్యములు కూడా అంతే. 3:22-23లో కృప ప్రతి ఉదయం కొత్తగా వస్తుందని చెప్పాక ఇంకా రెండు అధ్యాయాలు ఏడుపే, 5:22 కూడా తేలని సందేహంతోనే ఆగుతుంది.

ఆవగింజ:
88వ కీర్తన గురించి కూడా విన్నాను, చివరిదాకా వెలుగే లేదని. అది ఇప్పుడే చదవొచ్చా? రాత్రిళ్లు మరీ బరువుగా ఉంటుందేమో.

నిమ్మళం:
రాత్రి వద్దు. చీకటి మాటతోనే ముగుస్తుంది, దాని మీద నిద్ర పట్టదు. పొద్దున చదవండి, 18 వచనాలే. ఆ కీర్తనలోనే 13వ వచనంలో ఉంది, ఉదయాన నా ప్రార్థన నిన్ను ఎదుర్కొంటుందని.